మా తాత మల్లెగాణ్ణి అమ్మిన ఏడు

ఇటు నీడలోకి రా అమ్మా దేదీప్యా, కూచో. నిలబడి వినే ముచ్చట కాదిది. చూశావుగా ఆ షెడ్‌లో, ఆ తెల్ల ఎద్దుని? ఆ మూపురం చూశావా? మెడ కింద ఆ గంగడోలు చూశావా, పట్టుచీర కుచ్చిళ్ళలాగా ఊగతా ఉంది! ఆ టోపీ ఆయన, ఆ ఎద్దు యజమాని, రాంచర్, "బ్రామన్, సర్, ప్యూర్ బ్రామన్" అంటాడు నాతో, ఇక్కడి ఎద్దుల జాతి పేరది. నేనూరుకుంటానా? "సర్, హీ ఈజ్ ఫ్రమ్ మై ప్లేస్" అన్నా. ముసలాడికి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు పాపం, వాటర్ బాటిల్ తెచ్చిచ్చాడు. నవ్వమాక. నిజమే చెప్తున్నా, ఆ జాతిలో మన ఒంగోలు గిత్తల రక్తం కూడా కలిసుంది. తెల్లదొరల కాలంలో మన దగ్గర్నించి ఓడలెక్కించి పట్టుకపోయారు. మన దేశం వొదిలొచ్చి ఈ చాండ్లర్‌లో యాభై ఏళ్ళు బతికా, ఒక్కనాడన్నా ఈ పశువుల ఫెయిర్‌కి వొచ్చానా? కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ, ఇల్లు, మళ్ళీ ఫ్యాక్టరీ. ఆఫీస్‌లో రాజగోపాల్ అనడం రాక రాజ్, రాజ్ అనేవాళ్ళు, నేనూ పలికేవాణ్ణి. ఇవాళ, ఇంటర్వ్యూకని ఈ ఊరొచ్చిన నువ్వు "అంకుల్, వీకెండ్ ఖాళీయే, డ్రైవ్ చేస్తా రండి" అనబట్టి వొచ్చా. అంకుల్ ఏందో, మీ తాతా నేనూ ఒకే బెంచీ మీద చదివినోళ్ళం, పోనీలే. ఆ లెమొనేడ్ ఇటివ్వు. అబ్బ, పంచదార పాకం పోసినట్టుంది.

మా తాత పేరు వీరభద్రం. మా నాన్న వాళ్ళ నాన్న. నాకు ఊహ తెలిసేసరికే ముసలాడు, వొంగిపోయి ఉండేవాడు, అయినా నాగలి పట్టుకుంటే మాత్రం నిటారుగా అయ్యేవాడు, అదేందో! ఒంగోలుకి పడమటగా వెలగలపాడని మా ఊరు. నల్లరేగడి. వానొస్తే జొన్న, వరిగ, శనగ. వాన రాకపోతే ఆకాశంకేసి చూడటం. కాలవలన్నీ అటు కృష్ణా కింద వాళ్ళకి, మాకేముంది? పండినా ఎండినా శిస్తు మాత్రం కట్టాల్సిందే. మునసబు వొచ్చి చావిట్లో కూచుని, మా తాత చేసి చూపించేవాడు ఆయన మాట, ముక్కుతో, "ఏంరా వీరభద్రం, దొరగారికి వాన సంగతి నేను చెప్పుకోగలనంట్రా?" అని. అయినా మా తాత ధ్యాసంతా చేను మీద కాదు, గొడ్ల మీద. మా వైపంతా అంతే. పిల్లలకి లేకపోయినా గిత్తకి ఉలవలు పెట్టేవాళ్ళు. మా తాతకీ మా నాయనమ్మకీ పెద్ద తగువు కూడా గొడ్డు దగ్గరే వొచ్చింది, అదేగా నేను చెప్పబోయేది. తొందరపడమాక.

మా నాయనమ్మ శేషమ్మ. ఇంత పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. ఆమెకి తొలిచూలు కొడుకు పుట్టి పురిట్లోనే పోయాడు. అప్పటికి మా నాన్న ఇంకా పుట్టలేదులే. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఆవు ఈనింది. ఈని, దూడని నాకను కూడా నాకలేదు, అట్టాగే తల వాల్చేసింది. దూడ కోడెదూడ, తెల్లగా మల్లెపువ్వులాగా ఉంది, కాళ్ళ మీద నిలబళ్ళేక పోతా ఉంది. మా నాయనమ్మ ఏం చేసిందనుకున్నావు? పచ్చి బాలింత, మంచం దిగి పాకలోకి పోయింది. గేదెపాలు గోరువెచ్చగా చేసి, గుడ్డ ముంచి, దాని నోట్లో పెట్టి చీకించింది. వాళ్ళత్త గొడవ, "ఏమే, మతి పోయిందటే! బాలింతరాలివి, పశువుల పాకలో కూచుంటావా? గాలి సోకితే ఎవరు చూస్తారు నిన్ను?" అని. మా నాయనమ్మ ఏమందో తెలుసా? "దానికి తల్లి లేదు, నాకు బిడ్డ లేడు, మధ్యలో మీకేం పని అత్తా?" అందంట.

వాడికి మల్లెగాడని పేరు పెట్టింది. అబ్బ, వాడు పెరిగిన పెరుగుడు, ఏం చెప్పను నీకు! మా తాత చెప్తా చెప్తా రెండు చేతులూ పైకెత్తేవాడు, ఇంత ఎత్తు మూపురం అని. కాటుక పెట్టినట్టు కళ్ళు. వీధిలో నడిస్తే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వొచ్చి చూసేవాళ్ళంట. కానీ ఒకటే తంటా. మా నాయనమ్మ చేత్తో పెడితేనే తినేవాడు. ఇంకెవరు పెట్టినా మొహం తిప్పుకునేవాడు. ఆమె పాక కాడికొచ్చి "దా మల్లెగా, దా" అంటే చాలు, పలుపు తెంపుకుని వొచ్చేవాడు. మా తాత అందరితో అనేవాడు, "మా ఇంట్లో యజమాని వాడేనయ్యా, నేను వాడి పాలేర్ని" అని. పైకి నవ్వులాటే, లోపల మాత్రం ఎంత గర్వమో!

ఇంక కరువొచ్చింది. ఏ సంవత్సరమని అడగమాక, నాకు తెలీదు, వాళ్ళూ చెప్పలా. ఒంగోలుకి రైలొచ్చిన కొత్తల్లో. ఒక ఏడు వాన లేదు, సర్దుకున్నారు. రెండో ఏడూ లేదు. జొన్నచొప్ప వాములు ఖాళీ. బావిలో దిగితే కాలి మడమ తడవదు. మనుషులు ఏదో గంజి తాగి బతుకుతారు, గొడ్లకేం పెడతావు చెప్పు? ఇదుగో, ఇక్కడ మనవాళ్ళు ఇంటి ముందు గులకరాళ్ళు పోసి, మధ్యలో అందానికి పెంచుకుంటారే ఆ ప్రిక్లీ పేర్, అట్టాంటి జెముడే మా ఊరి డొంకలనిండా. దాని ముళ్ళు మంటలో కాల్చి, ముక్కలు కోసి పెట్టారమ్మా ఆవులకి! తిని నోళ్ళు పుళ్ళు పడ్డాయి వాటికి. అదీ అయిపోయాక మా తాత నిచ్చెనేసుకుని ఇంటి పైకెక్కాడు. ఎక్కి, కప్పు మీద గడ్డి పీకి కింద పడేశాడు. పాతబడిపోయి, పొగచూరి నల్లగా అయిపోయిన గడ్డి. అదే మేశాయి. ఇంట్లో కూచుంటే నెత్తిన ఎండ. ఊరంతా అట్టాగే, ఏ ఇల్లు చూసినా వాసాలు తేలి ఎముకలగూడులాగా. రోజూ ఏదో ఒక ఇంటి ముందు గొడ్డు కూలబడేది, ఆ ఇంట్లో ఏడుపు. మల్లెగాడికి కూడా పక్కటెముకలు తేలాయి. మా నాయనమ్మ తన గంజి తెచ్చి వాడికి తాపేది, వాడు తాగి ఆమె చెయ్యి నాకేవాడు.

అట్టాంటప్పుడు ఊళ్ళోకి దొర దిగాడు. తెల్లదొర, గుర్రబ్బండిలో, పక్కన ఒక మద్రాసు దుబాసీ. దొర మాట దుబాసీ తెలుగులో చెప్పాలి, మన మాట ఇంగ్లీషులో చెప్పాలి, అదే వాడి పని. సముద్రం అవతల దేశాలకి గిత్తలు కావాలంట, మంచి జాతివి ఏరుకుంటా వొస్తున్నాడు. మల్లెగాణ్ణి చూశాడు, ఆగిపోయాడు! బండి దిగి చుట్టూ తిరిగాడు, పక్కటెముకలు తేలినా జాతి జాతేగా. దుబాసీ మొదలెట్టాడు, "ఏమయ్యా రైతూ, నీ అదృష్టం పండిందయ్యా, దొరవారికి నీ మాడు నచ్చింది" అని. మాడంటే వాళ్ళ అరవంలో ఎద్దులే. మా నాయనమ్మ పాకకి అడ్డంగా నిలబడింది. "మాడూ లేదు మిద్దే లేదు, ఇది అమ్మేది కాదు, పొమ్మను" అంది. దొరకేం అర్థమైందో ఏమో టోపీ తీసి నవ్వాడంట. మా తాత మాత్రం దొరనీ దుబాసీనీ కళ్ళం వైపు తీసుకుపోయాడు. ఊరు ఊరంతా దూరంగా నిలబడి చూస్తా ఉంది. మా తాత ఏదో అంటాడు, దుబాసీ పొట్ట పట్టుకుని నవ్వతాడు, దొరకి చెప్తాడు, దొరా నవ్వతాడు. మా తాత నవ్వట్లా. మళ్ళీ అదే మాట అంటున్నాడు. చివరికి దొర చెయ్యి చాపాడు, మా తాత పట్టుకున్నాడు. తిరిగొచ్చి పెళ్ళాం మొహం చూడకుండా అన్నాడు, "ఇచ్చేశాను శేషీ" అని.

అమ్మో! ఆమె అరిస్తే బాగుండేదంట. అరవలా. ఏడవలా. చూసి, లోపలికెళ్ళిపోయింది. ఆ పూట నించి ఆయనతో మాట లేదు, ఆయనకి అన్నం పెట్టలా, అత్తే పెట్టేది. ఊళ్ళో జనం ఊరుకుంటారా? "కొడుకులాంటి కోడెని తెల్లోడికి అమ్ముకున్నాడు, ఒక్కడే బతుకుదామనుకున్నాడు" అని ఆయన వినేటట్టే అనేవాళ్ళు. రచ్చబండ కాడికి పోతే లేచి పక్కకి జరిగేవాళ్ళు. ఆయన అట్టాగే చేలోకి నడిచిపోయేవాడు. తీరా మద్రాసు తీసుకపోయేరోజు దొర మనుషులొచ్చారు, పలుపు పట్టుకున్నారు, మల్లెగాడు కదిలితేగా! గడ్డి పెడితే మొహం తిప్పుకున్నాడు, కర్ర తీస్తే కొమ్ములూపాడు. దుబాసీ తల పట్టుకున్నాడు, "ఓడెక్కేలోపు ఇది పస్తులుండి చస్తుందయ్యా" అని. అప్పుడు మా నాయనమ్మ కొంగు బిగించుకుని బయటికొచ్చింది. అన్ని రోజుల్లో మొదటి మాట, అదీ మా తాతతో కాదు, దుబాసీతో, "నేనూ వొస్తా పద" అని!

నాయనమ్మ అప్పటిదాకా పుట్టిల్లూ మెట్టినిల్లూ తప్ప ఏమీ చూడలా. రైలు చూడలా! మొదటిసారి రైలెక్కడం గూడ్స్ పెట్టెలో, గిత్తతో పాటు! నాకు చెప్పేటప్పుడు ఎంత మురిసిపోయేదో, "ఒరేయ్ గోపీ, మీ తాత ఆ మూలన కూచున్నాడ్రా, మల్లెగాడూ నేనూ ఈ మూలన. చెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి, మల్లెగాడు భయపడి నా భుజం మీద తల పెట్టాడు, నాకు మాత్రం భయం లేదనుకున్నావా, నేను వాడి మూపురం పట్టుకున్నా" అని.

హార్బర్‌లో అసలు రభస! అక్కడ ఎద్దుల్ని ఓడలోకి నడిపించి ఎక్కించరు, పొట్ట కింద గట్టి గుడ్డ వేసి, గొలుసులు తగిలించి, క్రేన్‌తో గాల్లోకి లేపుతారు. మల్లెగాడి కాళ్ళు నేల మీంచి లేచాయో లేదో, ఒక్క తన్ను తన్నాడు! గుడ్డ జారింది, దబ్బున కిందపడ్డాడు, లేచాడు, ఇంక చూస్కో! రేవంతా పరుగు. కూలీలు మూటల వెనక్కి దూరారు, ఒక తెల్ల గుమాస్తా గోనెల గుట్ట పైకెక్కి "హెల్ప్, హెల్ప్" అని కేకలు. దొర మనిషెవడో చువ్వ తీసుకొచ్చాడు. మా నాయనమ్మ పోయి వాడికి ఎదురుగా నిలబడింది. "దాన్ని ముట్టుకో, చేతులిరగ్గొడతా" అంది. తెలుగులోనే అంది, వాడికి బాగానే అర్థమైంది, చువ్వ కింద పెట్టాడు! తర్వాత మల్లెగాణ్ణి పిలిచింది. వొచ్చాడు, వొగరుస్తా, వొణికిపోతా. అప్పుడు దుబాసీతో అంది, "నేను ముందు ఓడెక్కుతా. పైనుంచి పిలుస్తా. అప్పుడు లేపండి" అని. ఊహించుకో అమ్మా, తాడు నిచ్చెన! చీర గోచీ పోసుకుని ఎక్కింది. పైన నిలబడి గొంతెత్తి "దా మల్లెగా, దా" అంటా ఉంది, వాడు గాల్లో వేలాడతా ఆమె వైపే చూస్తా, ఒక్క కాలు ఆడించకుండా, బొమ్మలాగా పైకెళ్ళిపోయాడు! రేవులో కూలీలంతా ఈలలేశారంట!

కింద మా తాత ఏం చేస్తున్నాడు? అప్పుడే దుబాసీ టెలిగ్రాఫ్ ఆఫీస్ నించి పరిగెత్తుకుంటా వొచ్చాడు, మా తాత చెవిలో ఏదో చెప్పాడు. మా తాత మొహం వెలిగిపోయింది, రెండు చేతులూ ఎత్తి దుబాసీకి దణ్ణం పెట్టాడు. పైనుంచి చూసింది మా నాయనమ్మ. బిడ్డ గాల్లో వేలాడిన పూట ఈయనకి నవ్వెట్టా వొచ్చింది, ఇంకా ఏం ముట్టిందని నవ్వుతున్నాడు అనుకుంది. "ఆ నిమిషం ఆయన మొహం ఇంక చూడకూడదనుకున్నారా" అని నాకు చెప్పింది. నిజంగానే అనుకుంది! ఓడ దిగకుండా అక్కడే కూచుంది. కూత వేశారు, నిచ్చెన తీసేస్తామంటున్నారు, మా తాత కింద అటూ ఇటూ పరిగెత్తుతా, "అయ్యా, ఆపండయ్యా, నా పెళ్ళాం దిగలేదయ్యా!" అని కేకలు. ఎవడికర్థమవుతుంది? ఆమె దిగనిది కోపంతోనే కాదులే. మల్లెగాడు ఇంకొకరి చేత్తో తినడు, దిగితే వాడు పస్తు. ఓడలో గొడ్లని చూసుకునేవాడు ఒకడున్నాడు, ఎర్రటి మొహం, గుబురు మీసాలు, ఏ దేశపోడో ఏమో. ఆమె తన కొంగు చింపి వాడి చేతికి చుట్టింది, తన వాసన తగలాలని. "దా మల్లెగా, దా, అను" అంది. వాడు "డా మల్లేగా, డా" అన్నాడు. "డా కాదురా సచ్చినోడా, దా!" మళ్ళీ అన్నాడు. మళ్ళీ అనిపించింది. మల్లెగాడు చెవులు ఆడించాడు. వాడి చెయ్యి వాసన చూశాడు. ఆమెకేసి చూశాడు. గడ్డి అందుకున్నాడు.

అదీ! అంతే, ఆమె లేచి దిగొచ్చేసింది. వెనక్కి తిరగలా. ఆ ఓడ యాడికి పోయిందో, బ్రెజిలో, ఇటొచ్చిందో, వాడు ఒడ్డు చేరాడో లేదో, ఎవరికీ తెలీదు. నేను వెతకలా అనుకోమాక, రిటైరయ్యాక ఇంటర్‌నెట్ అంతా సెర్చ్ చేశా. ఒక్క గిత్త సంగతి ఎవడు రాసుంటాడు?

మళ్ళీ రైలెక్కారు. ఒంగోల్లో దిగి ఊరికి నడుస్తున్నారు, ఈయన ముందు, ఆమె వెనక బాగా దూరంగా. డొంక మలుపు తిరిగేసరికి వెనకనించి దుమ్ము. దుమ్ములోంచి బండి. బండి వెనక బండి. బళ్ళ నిండా పచ్చటి వరిగడ్డి, కొండల్లాగా! కొన్ని బళ్ళకి ఎద్దులే లేవు, లాగే ఓపిక యాడిది, మనుషులే లాగుతున్నారు, ఊరి జనమే, అరుపులు, కేకలు! వీళ్ళని చూసి బళ్ళొదిలేసి పరిగెత్తుకొచ్చి మా తాతని ఎత్తేశారు. లేచి పక్కకి జరిగిన వాళ్ళే, వాళ్ళే! మా నాయనమ్మకేం అర్థం కాలా. ఒకామెని పట్టుకుని "ఏందే ఇది?" అంది. "నీకు తెలీదా శేషక్కా? మీ ఆయన దొరని డబ్బు అడగలేదంట. గడ్డి అడిగాడంట! వానలు పడేదాకా ఊరి గొడ్లన్నిటికీ సరిపోయే గడ్డి. కృష్ణా కింద నించి కాలవలో పడవలేసుకుని కొత్తపట్నం రేవుకి దించారు, పడవలాయన చెప్పాడు!" అంది. కళ్ళంలో దుబాసీ నవ్వింది అందుకూ! మద్రాసులో చెవిలో చెప్పింది పడవలు బయల్దేరాయని!

మా నాయనమ్మ ఒక బండిలోంచి మోపెడు గడ్డి పెరుక్కుని, ఊళ్ళోకెళ్ళి, పక్కింటోళ్ళ ఆవు లేవలేక పడిపోయుంటే దాని ముందు పోసింది. అది మేస్తా ఉంటే చూసింది. తర్వాత మా తాత దగ్గరికెళ్ళి, "ఇంటికి రా, అన్నం వండుతా" అంది.

అయినా నాకు లోపల ఒకటి తొలిచేది. కాలేజీలో చేరిన ఏడు అడిగేశా, మా తాత చేలో గట్టు మీద కూచునున్నాడు. "తాతా, అన్ని మాటలు పడ్డావు, ముందే నాయనమ్మకి చెప్పుంటే అయిపోయేదిగా?" అని. "చెప్తే ఒప్పుకునేదిరా" అన్నాడు. "మీ నాయనమ్మ సంగతి నాకు తెలీదూ? ఊరి గొడ్ల కోసమంటే ఒప్పుకునేది. ఒప్పుకుంటే, బిడ్డని తనే అమ్ముకున్నట్టయ్యేది. జన్మంతా అదే తలుచుకుని కుమిలిపోయేది. అందుకే నేనమ్మాను. నన్ను తిట్టుకుంటే పోలా" అన్నాడు...

...

ఏందీ? లేదు, లేదు, ఏం లేదు. కళ్ళజోడు పెట్టుకుంటే ఈ ఎండకి నీళ్ళు కారతాయి. సోమవారమేగా నీ ఇంటర్వ్యూ? ఏ కంపెనీ అన్నావు?